తిరుపతిలో ఉప్పునీటి తొట్టి: నాచుతో గడిచిన 160 రోజులు

మొదటి రోజు

కార్తీక మాసపు వాన తెరిపి ఇచ్చిన ఆదివారం నాడు, ముందు గదిలో ఇనుప స్టాండు మీద తొట్టిని నిలిపి, రసమట్టంతో నాలుగు వైపులా సరిచూసుకుని, నీళ్లు నింపాము. తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు. రాళ్లూ ఇసుకా ఆక్రమించిన చోటు పోను పై తొట్టిలో 150 లీటర్లు, స్టాండు కింద ఉన్న రెండో తొట్టి, అంటే సంప్‌లో 40 లీటర్లు, మొత్తం 190 లీటర్లు పట్టాయి. ఏ మందు ఎంత వేయాలన్నా లెక్కకు ఈ అంకే ఆధారం కాబట్టి డైరీ మొదటి పేజీలోనే రాసి పెట్టుకున్నాను.

సముద్రపు నీరే తెచ్చుకుందామా అని మొదట ఆలోచించాము. తూపిలిపాళెం తీరం మా జిల్లాలోనే ఉంది. అయితే వానాకాలంలో స్వర్ణముఖి వంటి ఏర్లు తెచ్చే వరదనీటితో తీరం దగ్గర ఉప్పదనం ఏ రోజుకు ఆ రోజు మారిపోతుంది, పొలాల ఎరువూ రొయ్యల చెరువుల వ్యర్థమూ ఆ నీటిలో కలిసే అవకాశం ఉంటుంది. అందుచేత సముద్రపు ఉప్పు మిశ్రమాన్నే కొని, లీటరుకు సుమారు 38 గ్రాముల చొప్పున ఏడు కిలోలకు పైగా కలిపాము. లవణీయత వెయ్యింటికి 35 భాగాలు, సాంద్రత 1.026. ఉప్పదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీటితో కాక 35 భాగాల ప్రమాణ ద్రావణంతోనే సరిచూసుకున్నాను.

రాళ్ల విషయంలో కూడా ఒక నిర్ణయం ముందే జరిగిపోయింది. దిబ్బలు కట్టే పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కనుక, పగడాలను గానీ, పగడపు దిబ్బల నుంచి విరిచి తెచ్చిన రాతిని గానీ ఇంట్లోకి రానివ్వకూడదని అనుకున్నాము. మేము వాడినవి బట్టీలో కాల్చి తయారుచేసిన సిరామిక్ రాళ్లు. వాటి మీద ఏ జీవమూ ఉండదు. చట్టానికీ సముద్రానికీ అదే మంచిది, కానీ జీవం లేని రాయి అంటే ఎవరూ కాపురం లేని ఊరు వంటిది. ముందు వచ్చినవాళ్లు ఎవరైనా సరే ఆ ఊరిని ఆక్రమించుకుంటారు. తరువాతి అయిదు నెలల్లో నేను చూసినదంతా ఆ ఆక్రమణల వరుసే.

26వ రోజు

ఇన్నాళ్లూ తొట్టిలో చేపలు లేవు. చేపల వ్యర్థం నుంచి పుట్టే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, ఆ నైట్రైటును మరొక రకం నైట్రేటుగా మార్చాలి. ఆ రెండు వర్గాలూ స్థిరపడకుండా చేపలు వదిలితే వాటి మొప్పలు దెబ్బతింటాయి. బాక్టీరియాకు మేతగా నవసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడు వేశాను. కళాయి వేసేవాళ్లు వాడే ముడి సరుకు కాకుండా ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైనది తీసుకున్నాను. 190 లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎం (పదిలక్షల భాగాలకు రెండు భాగాలు) ఉండాలంటే 1.2 గ్రాములు చాలు. ఈ రోజు ఉదయం వేసిన మోతాదు రేపటికల్లా పూర్తిగా ఖర్చయిపోయి నైట్రైటు కూడా సున్నాకు వస్తే, చేపలు తేవచ్చు.

31వ రోజు

గోధుమ రంగు వచ్చింది. దీపాలు రోజుకు ఎనిమిది గంటలు వెలిగించడం మొదలుపెట్టిన అయిదో నాటికి ఇసుక మీద పసుపు జల్లినట్లు ఒక పొర కనిపించింది, ఏడో నాటికి రాళ్లన్నీ తుప్పు పట్టిన ఇనుము రంగుకు తిరిగాయి. మా అమ్మ చూసి, "బోరు నీళ్ల తొట్టికి పట్టే పాచి మాదిరే ఉంది నాయనా, కొబ్బరి పీచుతో రుద్దితే పోదా?" అని అడిగింది. నిజంగానే రుద్దితే పోయింది. సాయంత్రానికి మళ్లీ వచ్చింది.

అన్నిటినీ పాచి అనో నాచు అనో ఒకే మాటతో పిలవడం మన అలవాటు. ఇంటి వాడకానికి అది చాలు, తొట్టికి చాలదు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో సెలవు రోజుల్లో బడి మైక్రోస్కోపును ఇంటికి తెచ్చుకునే వీలు దొరికింది. గాజు మీది పొరను గీకి 400 రెట్లలో చూస్తే, పడవల ఆకారంలో, అంచుల వెంట సన్నని గీతలతో, మెల్లగా ముందుకూ వెనక్కూ జారుతున్న కణాలు కనిపించాయి. ఇవి డయాటములు అనే ఏకకణ నాచులు. వీటి పెంకు సిలికాతో, అంటే గాజుకు మూలమైన పదార్థంతోనే తయారవుతుంది. సిలికా అందినంత కాలం ఇవి పెరుగుతాయి, అది అయిపోతే ఆగిపోతాయి. మరి మా తొట్టికి సిలికా ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు మా ఊరి కాళ్ల కిందే ఉంది. తిరుమల కొండల పైభాగం క్వార్ట్‌జైట్ శిల, దాని కింద దానికంటే ఎంతో పురాతనమైన గ్రానైటు. ఘాట్ రోడ్డులో ఆ రెండూ కలిసే అతుకునే భూగర్భ శాస్త్రవేత్తలు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు, అది జాతీయ భూవారసత్వ స్థలం కూడా. మా వీధి బోర్లన్నీ గ్రానైటు పగుళ్లలోకి దిగినవే. క్వార్ట్‌జ్ నీటిలో దాదాపు కరగదు, కానీ గ్రానైటులోని ఫెల్‌స్పార్ ఖనిజాలు మెల్లమెల్లగా శిథిలమయ్యేటప్పుడు విడుదలయ్యే సిలికా నీటిలో కరిగి వస్తుంది.

"కానీ మనం వాడింది ఆర్ఓ నీళ్లు కదా నాన్నా" అని మా అబ్బాయి అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే బోరు నీరు 640, వంటింటి ఆర్ఓ యంత్రం నుంచి వచ్చే నీరు 92 చూపించింది. తాగే నీటికి రుచి ఉండాలని ఆ యంత్రంలో ఒక చిన్న మర ఉంటుంది, అది శుద్ధి అయిన నీటిలో కొంత ముడి నీటిని తిరిగి కలుపుతుంది. తాగడానికి మంచిదైన ఆ ఏర్పాటే మా తొట్టికి సిలికాను పోసింది. మరను పూర్తిగా మూసి, ఖనిజాలు కలిపే గొట్టాన్ని తప్పించి కొలిస్తే 24 వచ్చింది. ఆ తరువాత మిగిలిన అయాన్లను పట్టే డీఐ రెజిన్ నింపిన గొట్టం ఒకటి జోడించాక సున్నా వచ్చింది. వంటింట్లో తాగే నీటికి వేరే కుళాయి ఏర్పాటు చేశాను.

కొత్తగా తొట్టి పెట్టేవారికి ఒక్క మాట. సున్నా చూపించినంత మాత్రాన సిలికా లేదనుకోకూడదు. టీడీఎస్ మీటరు కొలిచేది విద్యుదావేశం ఉన్న అయాన్లను, నీటిలో కరిగిన సిలికా చాలా భాగం ఆవేశం లేకుండానే ఉంటుంది. రెజిన్ శక్తి తగ్గేటప్పుడు అది అన్నిటికంటే ముందు వదిలిపెట్టేది కూడా సిలికానే. అందువల్ల మీటరు 1 చూపించగానే రెజిన్ మార్చాలి, 10 వరకు ఎదురుచూడకూడదు.

44వ రోజు

డయాటములు వెనక్కి తగ్గాయి. నేను చేసిందల్లా మీటరు సున్నా చూపిన నీటితో కలిపిన ఉప్పునీటితో రెండు సార్లు పాతిక లీటర్ల చొప్పున మార్చడం, గాజును వారానికి రెండు సార్లు తుడవడం, పది సెరిత్ నత్తలను వదలడం. నత్తలు పగలు ఇసుకలో దాక్కుని, దీపాలు ఆరాక బయటికి వచ్చి, తెల్లవారేసరికి గాజు మీద వంకరటింకర దారులు గీసి పెడుతున్నాయి.

చేపలు కూడా వచ్చాయి. చెన్నై కొళత్తూరు వెళ్లి, హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలను తెచ్చాము. మన దేశంలో ఈ చేపలను హేచరీలో పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ రూపొందించింది. సముద్రంలో పట్టిన చేపకంటే వీటికి పొడి మేత అలవాటు ముందే ఉంటుంది.

60వ రోజు

ఇప్పుడు ఆకుపచ్చది. రాళ్ల అంచుల మీద మొదట పచ్చని మసక, పది రోజుల్లో అది రెండు సెంటీమీటర్ల వెంట్రుకలుగా పెరిగి నీటి వేగానికి ఊగుతోంది. నిజం చెప్పాలంటే చూడటానికి అందంగానే ఉంది, సంక్రాంతి ముందు వరినారు మడిని దూరం నుంచి చూసినట్లు ఉంది. అయితే ఈ నారు రాతి రంధ్రాలన్నిటినీ కప్పేస్తుంది, దానిలో చిక్కుకున్న మేత కుళ్లుతుంది, మరేదీ ఆ రాతి మీద స్థిరపడలేదు.

కొలిస్తే నాచుకు ఎరువైన నైట్రేటు 18 పీపీఎం, ఫాస్ఫేటు 0.28 పీపీఎం, రెండూ ఎక్కువే. కారణం మేమే. మా అబ్బాయి ఉదయం, మా అమ్మ మధ్యాహ్నం, నేను రాత్రి, ఒకరికి తెలియకుండా ఒకరం మేత వేస్తున్నాము. అతిథి ఇంటికి వస్తే ఆకు ఖాళీగా ఉండకూడదనే మా అమ్మ పద్ధతి చేపలకు కూడా వర్తించింది. తొట్టి పక్కన ఒక చిన్న డబ్బా పెట్టి, రోజుకు సరిపడా మేతను ఉదయమే అందులో కొలిచి పోసి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే అన్న నియమం పెట్టుకున్నాము. ఈ ఒక్క మార్పు వల్ల కలిగిన మేలు తరువాత కొన్న ఏ సామగ్రి వల్లా కలగలేదని నా నమ్మకం.

66 నుంచి 74వ రోజు వరకు

సంక్రాంతి సెలవులు మొత్తం చేతి పనికే పోయాయి. సన్నని పైపు కొనకు పాత టూత్‌బ్రష్ కట్టి, రుద్దిన నాచు నీటిలో తేలకుండా వెంటనే పైపులోకి లాగబడేలా చేశాను. రుద్ది వదిలేస్తే తెగిన ప్రతి పోగూ మరొక చోట మొలుస్తుంది. పైపు నుంచి వచ్చిన నీటిని గుడ్డ సంచిలో వడగట్టి, అదే నీటిని సంప్‌లోకి తిరిగి పోశాను కాబట్టి నీటి మార్పు పరిమితి లేకుండా గంటసేపు పని చేయగలిగాను. బయటికి తీయగలిగిన మూడు రాళ్లను తొట్టి నీటితోనే నింపిన బకెట్లో రుద్ది, మొండిగా మిగిలిన చోట్ల మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడును చుక్కలుగా వేసి, రెండు నిమిషాలు నురగ రానిచ్చి, కడిగి తిరిగి పెట్టాను. రెండు రోజుల్లో ఆ చోట్లు తెల్లబడ్డాయి.

ఒక దుకాణంలో, "సార్, ఈ మందు వేస్తే మూడు రోజుల్లో నాచంతా పోతుంది" అని ఒక సీసా చూపించారు. చీటీ మీద ఏముందో రాసి లేదు. అంత నాచు ఒక్కసారిగా చచ్చి నీటిలోనే కుళ్లితే ప్రాణవాయువు పడిపోతుంది, అది పట్టి దాచుకున్న ఫాస్ఫేటంతా తిరిగి నీటిలోకి వస్తుంది. అందుకే వద్దన్నాను. పోగు పోగుగా పీకి బయట పారేసిన నాచుతో పాటు దానిలోని ఫాస్ఫేటు కూడా ఇల్లు దాటుతుంది. తీసినదంతా మా అమ్మ మంచినీటితో నాలుగు సార్లు కడిగి కరివేపాకు చెట్టు మొదట్లో వేసింది.

88వ రోజు

ఇక్కడ నేను చేసిన తప్పును పూర్తిగా రాయాలి, ఈ డైరీలో ఇతరులకు ఎక్కువగా పనికి వచ్చేది ఇదేనేమో.

నాచు మూడు వంతులు పోయింది, పరీక్షలో నైట్రేటు 4, ఫాస్ఫేటు 0.08 వచ్చాయి. పగడాలు లేని తొట్టికి ఇవి ఎంతో మంచి అంకెలు. అక్కడ ఆగి ఉండవలసింది. మిగిలిన ఆ ఒక వంతు నాచు కూడా కనిపించకూడదన్న పట్టుదలతో, ఫాస్ఫేటును పీల్చే ఐరన్ ఆక్సైడు గుళికలను డబ్బా మీద చెప్పిన మోతాదుకు రెట్టింపు వేశాను, దీపాలను ఆరు గంటలకు తగ్గించాను, నురగతో వ్యర్థాన్ని తీసే స్కిమ్మరును మరింత వేగంగా నడిపాను, మేత డబ్బాను సగం చేశాను. నాలుగూ ఒకే వారంలో చేశాను. ఈ రోజు రెండు పరీక్షలూ సున్నా చూపించాయి, సంతోషించి తొట్టి ఫోటో తీసి చెన్నైలోని మిత్రుడికి పంపాను. ఆయన పాత తొట్టిని పదేళ్లుగా నడుపుతున్న మనిషి. "సున్నా బాగాలేదు, జాగ్రత్త" అని మాత్రం జవాబు పెట్టారు.

97వ రోజు

ఆయన చెప్పిందే జరిగింది. రాళ్ల కొనల మీద గోధుమ రంగు జిగురు, దానిలో చిక్కుకున్న గాలి బుడగలు, కొనల నుంచి వేలాడే తీగలు. ఉదయం దీపాలు వెలిగేటప్పుడు పలుచగా ఉండి, మధ్యాహ్నానికి చిక్కబడి, రాత్రి మాయమవుతోంది. మొదట డయాటములే తిరిగి వచ్చాయనుకుని రెజిన్‌ను అనుమానించాను. అప్పుడు రెండు నత్తలు చనిపోయాయి, మిగిలినవి వెల్లకిలా పడి లేవలేకపోతున్నాయి.

ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగిన పరీక్ష ఒకటి ఉంది. జిగురును కొంత నీటితో కలిపి సీసాలో పోసి గట్టిగా కుదిపి, కాఫీ వడగట్టే కాగితంలో వడపోసి, స్వచ్ఛంగా కనిపించే ఆ నీటిని గంటసేపు దీపం కింద ఉంచాలి. కణాలు మళ్లీ ఒకదానినొకటి పట్టుకుని ముద్ద కడితే అవి డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు అనుకోవచ్చు. మా సీసాలో నలభై నిమిషాలకే ముద్ద కట్టింది. మైక్రోస్కోపు కింద, ఒక వైపు మొనదేలిన నీటిబొట్టు ఆకారపు కణాలు, ఆ మొన దగ్గర గుంజకు కట్టిన దూడల్లాగా ఒకే చోట చుట్టూ తిరుగుతూ కనిపించాయి. ఆస్ట్రియాప్సిస్ అనే రకానికి ఇదే గుర్తు. కొన్ని ఆస్ట్రియాప్సిస్ జాతులు విషాన్ని తయారుచేస్తాయి, వాటిని మేసే నత్తలు అందుకే చనిపోతాయి. ఆ రోజు నుంచి తొట్టిలో చేయి పెట్టేటప్పుడు చేతి తొడుగులు వేసుకున్నాను, పిల్లవాడిని దగ్గరికి రానివ్వలేదు.

ఇది ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది. నైట్రేటూ ఫాస్ఫేటూ అందుబాటులో ఉన్నప్పుడు ఆకుపచ్చ నాచు, డయాటములు, బాక్టీరియా అన్నీ చోటు కోసం పోటీ పడతాయి. ఆ రెండూ అడుగంటితే పోటీదారులన్నీ ఆకలికి వెనుకబడతాయి. డైనోఫ్లాజెల్లేట్లలో చాలా వాటికి వెలుతురు నుంచి ఆహారం చేసుకోవడమే కాక ఇతర సూక్ష్మజీవులను మింగి బతకడం కూడా తెలుసు, అందుకే కరువులో నిలిచేవి అవే. కరువును తెచ్చింది నేను.

104వ రోజు

చేసిన పనులు, చేసిన క్రమంలోనే రాస్తున్నాను. ఐరన్ ఆక్సైడు గుళికలు తీసేశాను. విషాన్ని పీల్చడానికి యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాను. నీటి మార్పు ఆపాను. నైట్రేటు కోసం శుద్ధమైన పొటాషియం నైట్రేటు, మన పెద్దలు సురేకారం అనేది, తీసుకున్నాను. 190 లీటర్లలో 5 పీపీఎం పెరగాలంటే 1.55 గ్రాములు కావాలి. ఫాస్ఫేటు కోసం పన్నెండు నీటి అణువులున్న ట్రైసోడియం ఫాస్ఫేటును 3.8 గ్రాములు తీసుకుని లీటరు ఆర్ఓ నీటిలో కరిగించాను, ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు వేస్తే 0.05 పీపీఎం పెరుగుతుంది. మొదటి మూడు రోజులు వేసిన ఫాస్ఫేటు మరునాటికి మళ్లీ సున్నా అయింది, ఇసుకా జీవులూ ఆకలితో ఉన్నాయనడానికి అదే సాక్ష్యం. ఆరో రోజుకు 0.06 నిలిచింది.

ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట రాతిని వదిలి నీటిలోకి తేలుతుంది కాబట్టి అతినీలలోహిత దీపానికి దొరుకుతుంది. 18 వాట్ల యూవీ గొట్టాన్ని సంప్‌లో కాక పై తొట్టికే తగిలించి, అక్కడి నీటినే లాగి అక్కడికే వదిలేలా అమర్చాను. తొట్టి చుట్టూ నల్ల దుప్పటి కప్పి మూడు రోజులు పూర్తి చీకటి ఇచ్చాను. చేపలకు ఏమీ కాలేదు.

చివరిది రాసేటప్పుడు కలం కొంచెం ఆగింది. మిత్రుడి సలహా మీద సోడియం సిలికేటు ద్రావణాన్ని రోజుకు కొద్దికొద్దిగా వేస్తూ, నీటిలో సిలికేటు 1 పీపీఎం వరకు తెచ్చాను. రెండు నెలల కిందట ఏ సిలికాను వెళ్లగొట్టడానికి రెజిన్ కొన్నానో, దానినే ఇప్పుడు కొలిచి పోస్తున్నాను. డయాటములు తిరిగి వస్తే ఆ చోటును డైనోఫ్లాజెల్లేట్ల నుంచి లాక్కుంటాయి, నత్తలకు విషం లేని మేత దొరుకుతుంది. డయాటములను ఎలా పంపాలో నాకు తెలుసు. వీటిని ఎలా పంపాలో ఇంకా నేర్చుకుంటున్నాను.

122వ రోజు

జిగురు లేదు. ఇసుక మీద మళ్లీ ఆ పసుపు పొడి వంటి పొర ఉంది, దానిని చూసి ఈసారి ఊరట కలిగింది. స్లైడు మీద పడవలు నిండుగా ఉన్నాయి, గిరగిర తిరిగే బొట్లు వెతికితే ఒకటి రెండు కనిపించాయి. మిగిలిన ఎనిమిది నత్తలూ నడుస్తున్నాయి. సిలికేటు ఆపాను.

ఆ తరువాత పది రోజులు ఒక మూల ఇసుక మీద ముదురు ఎరుపు తెర కప్పుకుంది. అది సయనోబాక్టీరియా, అసలు నాచే కాదు. ఆ మూలకు నీటి ప్రవాహం చేరడం లేదని గమనించి, నీటిలో అలలు పుట్టించే వేవ్‌మేకరును అటు తిప్పి, తెరను చాపలా చుట్టి పైపుతో లాగేశాను. మళ్లీ రాలేదు.

151వ రోజు

వెనుక గాజు మీద, నీటిమట్టానికి ఒక జానెడు కింద, గులాబీ రంగు చుక్క ఒకటి కనిపించింది. గోటితో గీకితే రాలేదు. ఇది కొరలైన్ నాచు, కాల్షియం కార్బనేటును తనలో నింపుకుని రాతిలా గట్టిపడే ఎరుపు నాచు జాతి. మిత్రుడు తన తొట్టిలో నాలుగేళ్లు తిరిగి గులాబీ పొలుసు కట్టిన పాత వేవ్‌మేకరును ఫిబ్రవరిలో ఇచ్చి పంపారు, బీజాలు దానితోనే వచ్చి ఉంటాయి. మా అబ్బాయి గాజు బయటి వైపు స్కెచ్ పెన్నుతో ఆ చుక్క చుట్టూ గీత గీసి తేదీ వేశాడు. కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300 పీపీఎం, క్షారత 8.5 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) దగ్గర నిలుపుతున్నాను. సిరామిక్ రాళ్లను ఎవరైనా పూర్తిగా ఆక్రమించుకోవాలంటే అది ఈ గులాబీ నాచే కావాలని నా కోరిక.

160వ రోజు

ఎండలు ముదిరాయి, బయట 40 డిగ్రీలు దాటుతోంది. తొట్టి మీద రెండు చిన్న ఫ్యాన్లు పెట్టి నీటిని 27 డిగ్రీల దగ్గర ఆపుతున్నాను. ఫ్యాను చల్లబరిచేది నీటిని ఆవిరి చేయడం ద్వారానే కనుక రోజుకు నాలుగు లీటర్లు తగ్గుతోంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది, అందుచేత భర్తీ చేసేది ఉప్పులేని ఆర్ఓ నీరు కావాలి. నెలకు 120 లీటర్లు, అంటే తొట్టి నీటిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా, కొత్తగా పోస్తున్నానన్న మాట. ఆ నీటిలో సిలికా ఏ కొంచెం ఉన్నా అది ఆవిరి కాకుండా పేరుకుంటుంది. ఈ ఉదయం మీటరు 1 చూపించింది, రెజిన్ మార్చాను.

నైట్రేటు 6, ఫాస్ఫేటు 0.07. రాళ్ల మీద ఆకుపచ్చ నాచు అక్కడక్కడా అరసెంటీమీటరు ఎత్తున ఉంది, నత్తలు మేస్తున్నాయి, నేను ముట్టుకోవడం లేదు. గాజు మీది గులాబీ చుక్క గీసిన గీతను దాటింది, దాని పక్కన మరో మూడు మొలిచాయి.